తువ్వాలు కింద చెయ్యి

అలీ సాహెబ్ పొట్ట గంతులు వెయ్యడం మొదలుపెట్టింది. అన్నం ముందు కూర్చుంటే గంతు, చెప్పులు తొడుక్కోబోతే గంతు. చొక్కాలో కప్పని దాచుకున్న మనిషిలా ఉన్నాడని రసూల్‌బీకి మొదట నవ్వొచ్చింది. తర్వాత మొగుడు మళ్ళీ గోడకి దిండు ఆనించుకుని, కూర్చునే కునుకు తీస్తుంటే ఆ నవ్వు కాస్తా ఆరిపోయింది.

కూర్చుని నిద్రపోవడం ఎటు పోతుందో ఆవిడకి బాగా తెలుసు. పోయిన ఏడంతా అదే బతుకు. పడుకుంటే ఊపిరాడదు, కాళ్ళు గుమ్మడికాయల్లా వాచాయి, నల్లపాడులో ఇంటి నుంచి మసీదుకి వెళ్ళాలంటే దారిలో ఎన్ని అరుగులుంటే అన్నిటి మీదా కూలబడేవాడు. గుంటూరులో డాక్టరమ్మ చూసి, "గుండె నీరసపడింది తాతగారూ. రెండు పక్కలూ కలిసి కొట్టుకోవట్లేదు. కాడికి కట్టిన ఎడ్లు చెరో తీరున అడుగేస్తున్నట్టుంది" అంది. ఎడమ భుజం ఎముక కింద చర్మం లోపల, ఆ రెండు పక్కల్నీ కలిపి కొట్టించే చిన్న కరెంటు పెట్టె పెట్టి, దాని నుంచి మూడు తీగలు నరాల్లోంచి గుండెకి దించింది. అందరికీ ఒకేలా పనిచెయ్యదని ముందే చెప్పింది కూడా.

ఈయనకి పనిచేసింది. వెల్లకిలా పడుకుని గురక పెట్టాడు. పెళ్ళయిన నాటి నుంచీ తిట్టుకున్న గురకే, రసూల్‌బీ దాన్ని ఖవ్వాలీ విన్నట్టు విన్నది. మసీదుదాకా ఆగకుండా నడిచాడు. తిరిగొస్తూ టీలో పంచదార తక్కువైందని కొట్టువాడితో పోట్లాడాడు. మనిషి కోలుకున్నాడని అంతకంటే ఏం గుర్తు కావాలి?

ఇప్పుడు చూస్తే ఈ గంతులు, మళ్ళీ ఆ ఆయాసం.

సాయంత్రం చెంచురామయ్య వచ్చాడు. పేరేచర్ల పక్కన మిరప చేను ఆయనది. అలీ సాహెబ్ మిర్చియార్డులో బేరాలు కుదిర్చిన కాలం నుంచీ స్నేహం.

"గ్యాసు, సాయిబూ. గోళీసోడా తాగు, దెబ్బకి దిగుద్ది."

"గ్యాసు కాదురా. పెట్టే నాసిరకం. డాక్టరమ్మ నాకు పైన ఎర్రకాయ చూపించి అడుగున తాలుకాయ అంటగట్టింది."

"మొన్నటిదాకా బానే పడుకున్నావుగా?"

"మచ్చు ఎప్పుడూ బానే ఉంటదిరా. టిక్కీ బస్తా విప్పితే కదా సరుకు తెలిసేది."

"పెట్టె మంచిచెడ్డలు డాక్టరమ్మ చూసుద్దిలే, రేపు పోదాం" అంది రసూల్‌బీ టీ గ్లాసులు దించుతూ.

"పోయి కడిగేస్తా" అన్నాడు ఆయన. పొట్ట ఔనన్నట్టు ఎగిరింది.

చెంచురామయ్య టీ ఊదుకుంటూ, "అది సరేగానీ, ఈసారి తేజా కాయ ఏమాత్రం పలుకుద్దంటావు?" అన్నాడు.

అలీ సాహెబ్ కళ్ళు సగం మూశాడు. కుడి చెయ్యి ఎడమ భుజం మీది తువ్వాలు కిందకి దూరింది. తువ్వాలు మెల్లగా మెలికలు తిరిగింది.

రసూల్‌బీ చేతిలో గ్లాసు అక్కడే ఆగిపోయింది. యార్డులో ఈయన బేరం ఏనాడూ నోటితో చెయ్యలేదు. తువ్వాలు కప్పి, దాని కింద కొనేవాడి వేళ్ళు పట్టుకునేవాడు. నొక్కితే ఒక ధర, మెలిపెడితే ఇంకో ధర, పక్కనున్నవాడికి ఏమీ తెలిసేది కాదు. కంప్యూటర్ వేలం వచ్చి ఆ వేళ్ళు పోయాయి. చేతికి మాత్రం ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. తువ్వాలు కింద ఏది దొరికితే అది పట్టుకుని తిప్పుతోంది. దొరికింది ఆ పెట్టె.

అడిగితే ఒప్పుకోడు. తప్పు నాదేనన్న బేరగాడిని ఆవిడ ఇంతవరకు చూడలేదు. ఆ రాత్రికి నోరు కట్టేసుకుంది.

మర్నాడు డాక్టరమ్మ ఎక్స్‌రే పట్టుకుని నోరు తెరిచింది. తీగలు కండెకి నూలు చుట్టినట్టు పెట్టె చుట్టూ చుట్టుకుని ఉన్నాయి.

"పెట్టె తిరిగిపోయింది తాతగారూ. తిరిగినప్పుడల్లా తీగని పైకి లాగేసింది. గుండె దగ్గరుండాల్సిన కొస పైకొచ్చి, పొట్టకి పైన ఊపిరి ఆడించే పొరకి వెళ్ళే నరాన్ని కొడుతోంది. అందుకే ఆ గంతులు. ఎవరన్నా తిప్పారా?"

"నేనెందుకు తిప్పుతానమ్మా, అదేమన్నా రేడియోనా? మీ సరుకే పుచ్చు."

"పెట్టె లోపమైతే కంపెనీకి రాసి వేరేది వేస్తాను. కానీ కోసినచోటే మళ్ళీ కోస్తే చీము పట్టే భయం ఎక్కువ. ఈసారి సరే. ఆ తర్వాత ఇంకోసారంటే నాకే ధైర్యం చాలదు."

రసూల్‌బీ లెక్క వేసుకుంది. కొత్త పెట్టె వేస్తారు. ఈయన దాన్నీ తిప్పుతాడు. ఆపైన గోడకి ఆనించిన ఆ దిండు, అంతే. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అడిగింది.

"ఏమండీ, తేజా ఈసారి ఎంత పలుకుద్దన్నారు?"

"ఇక్కడా ఆ మాట?" అన్నాడే గానీ, కళ్ళు సగం మూతపడ్డాయి. చెయ్యి తువ్వాలు కిందకి వెళ్ళింది. తువ్వాలు మెలికలు తిరిగింది.

డాక్టరమ్మ లేచొచ్చి తువ్వాలు ఎత్తింది. తాళంకప్ప పట్టుకున్న దొంగలా ఆయన వేళ్ళు పెట్టె మీద ఉన్నాయి. పొట్ట ఒక గంతు వేసింది.

"కుట్లు దురద" అన్నాడు.

"యార్డులో వేళ్ళ బేరాలు పోయినప్పట్నుంచి ఉందమ్మా ఆ దురద" అంది రసూల్‌బీ.

ఆయన తల దించుకున్నాడు. "తెలీకుండానే పోద్దమ్మా చెయ్యి. వేళ్ళు పట్టుకోకపోతే నాకు ధర తోచదు."

డాక్టరమ్మకి నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది. "ఈసారి పెట్టెని కండకి గట్టిగా కుట్టేస్తాను. ఆ చేతికి ఏం పని చెప్తారో మీరు చూసుకోండి మామ్మగారూ."

కుట్లు మానాక ఒక మధ్యాహ్నం చెంచురామయ్య మళ్ళీ వచ్చాడు. అలీ సాహెబ్ మంచం మీద వెల్లకిలా పడుకున్నాడు. పొట్ట బుద్ధిగా ఉంది. తేజా మాట రాగానే చెయ్యి తువ్వాలు కిందకి పోయింది. అక్కడ రసూల్‌బీ చెయ్యి అప్పటికే కాచుకుని ఉంది.

ఇన్నేళ్ళ కాపురంలో ఆ వేళ్ళ లెక్క పెళ్ళానికి చెప్పని మనిషి, ఒక్క క్షణం తటపటాయించి, చిటికెన వేలు నొక్కాడు. ఆవిడ తోచినట్టు ఏదో నొక్కింది.

"అంత తక్కువకా? రైతు ఉరేసుకుంటాడే."

"మరి నేర్పండి."

నేర్పుతూ నేర్పుతూనే గురక మొదలుపెట్టాడు. వేళ్ళు నిద్రలోనూ ఆవిడ వేలిని మెలిపెడుతూనే ఉన్నాయి.

"బేరం తెగిందా చెల్లెమ్మా?" అన్నాడు చెంచురామయ్య గొంతు తగ్గించి.

"ఇంకా లేదన్నయ్యా. పొయ్యి మీద పప్పు మాడుతున్నట్టుంది, కాస్త దింపిరా. నా చెయ్యి ఇప్పట్లో ఖాళీ అవదు."