నీళ్ళ మోటారు రేపు పనిచేయదు

మా బిల్డింగులో ఇరవై నాలుగు కాపురాలు, ఒక లిఫ్టు, ఒక మెయిల్ లిస్టు ఉన్నాయి. లిఫ్టు అప్పుడప్పుడు ఆగి, దానంతటదే మళ్ళీ కదులుతుంది. లిస్టు ఆగదు. ఎవరేం రాసినా అన్ని ఇళ్ళకీ ఒకేసారి చేరాలని ఎనిమిదేళ్ళ క్రితం దాన్ని పెట్టిన మహానుభావుణ్ణి నేనే. నా వృత్తి ప్రూఫులు దిద్దడం. పగలంతా ఊళ్ళోవాళ్ళ రాతలు చదివి చచ్చేవాణ్ణి, ఇంటికొచ్చాక చదవడానికి మరో ఇరవై నాలుగు ఇళ్ళ రాతలు కోరి నెత్తికెత్తుకున్నాను.

మొదటి మెయిలు నేనే పంపాను. దానికి "నీళ్ళ మోటారు రేపు పనిచేయదు" అని శీర్షిక పెట్టాను. నేను చేసిన పాపం అదొక్కటే. మావాళ్ళకి కొత్త మెయిలు మొదలుపెట్టడం చేతకాదు, వచ్చినదానికి జవాబు కొట్టడమే వచ్చు. పిల్లి తప్పిపోయినా, ఎవరింట్లోనో పెళ్ళి కుదిరినా, పై ఇంట్లో కుర్చీలు ఈడుస్తున్నారని కింది ఇంటివాళ్ళు ఏడ్చినా, అన్నీ ఆ శీర్షిక కిందే. కొత్తగా అద్దెకు దిగినవాళ్ళు మొదటి వారమంతా ప్రతి మెయిలుకీ పరుగెత్తి బకెట్లు నింపుకుంటారు. తర్వాత అలవాటు పడిపోతారు.

పైగా ఏ జవాబు చూసినా దాని కింద అంతకు ముందు మెయిళ్ళన్నీ తోకలా వేలాడుతుంటాయి. ఆ తోక కత్తిరించి శుభ్రంగా పంపేవాడు లిస్టు మొత్తానికి ఒక్కడే ఉన్నాడు. మా బాబాయి.

బాబాయి ముప్పై ఏళ్ళు లిఫ్టు మెకానిక్కుగా చేసి రిటైరయ్యాడు. మేమిద్దరం ఒకే బిల్డింగులో ఉంటాం, ఆయన అయిదో అంతస్తు, నేను రెండు. ఆయన తోక కత్తిరిస్తాడు గానీ తల మాత్రం రెండు పేజీలు రాస్తాడు. లిఫ్టు తలుపు మెల్లగా ఎందుకు వేయాలో ఒకటి, వేస్తే లిఫ్టుకి ఎలా ఉంటుందో ఇంకొకటి. పడలేక, ఆయన మెయిళ్ళన్నీ వచ్చినవి వచ్చినట్టు ఒక పక్క అరలోకి పోయేట్టు ఏర్పాటు చేసుకున్నాను. ఆ అరకి "తీరిగ్గా" అని పేరు పెట్టాను. ఆ తీరిక ఏళ్ళ తరబడి రాలేదు.

అది వచ్చిన రోజు బాబాయి లిఫ్టులో ఇరుక్కున్నాడు.

వాళ్ళమ్మాయికి తొలి కాన్పు, ఆడపిల్ల. తాతా అమ్మమ్మా చూడ్డానికి బయల్దేరారు. రైలు పన్నెండుంపావుకి. బాబాయి నెలరోజులు కూర్చుని చేసిన చెక్క ఉయ్యాలని లిఫ్టులో పెడితే, మిగిలిన చోట్లో ఆయనొక్కడే పట్టాడు. పిన్ని చేతిలో గొడుగు పట్టుకుని మెట్లు దిగే బాధ పడింది. పదిన్నరకి లిఫ్టు మూడుకీ నాలుగుకీ మధ్య ఢామ్మని ఆగిపోయింది. ఈసారి దానంతటది కదల్లేదు.

నేను వెళ్ళేసరికి మూడో అంతస్తులో సగం బిల్డింగు ఉంది. పిన్ని గొడుగు పిడితో లిఫ్టు తలుపు మీద టింగు టింగుమని కొడుతోంది.

"ఏమండీ, ఊపిరాడుతోందా?"

"ఆడుతోందే. నువ్వా కొట్టడం ఆపితే ఇంకాస్త ఆడుతుంది."

కంపెనీకి ఫోను చేస్తే రెండింటికి ముందు మనిషి రాడన్నారు. వాచ్‌మన్ తల గోక్కుని, "మేడ మీద మోటారు గదిలో చక్రం ఉందండీ. దాన్ని తిప్పితే లిఫ్టు కిందికి దిగుద్ది. నాకు తిప్పడం వచ్చు. గదికి తాళం ఉంది. మన తాళంచెవి సారు దగ్గరే ఉంది," అన్నాడు.

సారంటే లిఫ్టులో ఉన్న సారే.

"బాబాయ్, మోటారు గది తాళంచెవి ఎక్కడ పెట్టావ్?" అని అరిచాను.

లోపల కాసేపు చప్పుడు లేదు.

"లిస్టులో రాశాను. చూసుకోండి."

"ఆ ముక్కేదో నోటితో చెప్పొచ్చుగా?"

"రాసింది మళ్ళీ చెప్పను. చెప్పిందే చెప్పీ చెప్పీ ముప్పై ఏళ్ళు గొంతు అరగదీసుకున్నాను. చదవడానికి మీకేం రోగం?"

నాకు ఒళ్ళు మండిపోయింది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు, ఈయన రైలుకన్నా బలవంతుడు. వాచ్‌మన్ సుత్తి పట్టుకుని మేడ మీదికి పరుగెత్తాడు. అది ఇనప తలుపు. అయిదు నిమిషాల్లో బొటనవేలు నోట్లో పెట్టుకుని తిరిగొచ్చాడు.

గత్యంతరం లేక మెట్ల మీద కూర్చుని ఫోను తీశాను. లిస్టులో "తాళం" అని వెతికితే నాలుగు వేల నూట పదిలో మూడు వేల ఏడు వందల మెయిళ్ళొచ్చాయి. ఎవరో మొదటి నెలలో సైకిలు తాళం పోయిందని రాశారు. ఆ సైకిలు తాళం అప్పట్నుంచీ అందరి తోకల్లోనూ వేలాడుతోంది.

"'గొడుగు' అని కొట్టి చూడండి," అన్నాడు రెండో అంతస్తు పళ్ళ డాక్టరు, నా భుజం మీంచి తొంగిచూస్తూ.

"గొడుగెందుకండీ?"

"ఆరేళ్ళ క్రితం నా నల్ల గొడుగు మెట్ల దగ్గర పోయింది. నలభై మెయిళ్ళు పెట్టాను. ఒక్కడు జవాబిచ్చిన పాపాన పోలేదు. ఎలాగూ వెతుకుతున్నారు కదా అని."

మనిషన్నవాడు ఇంకోడు ఇరుక్కున్నప్పుడు గొడుగు అడుగుతాడా? ఆయన అడుగుతాడు. ఆ గొడుగు నాలుగో అంతస్తు టైలరే కొట్టేశాడని అనుమానం పెట్టుకుని, ఆరేళ్ళుగా చొక్కాలు ఊరవతల కుట్టించుకుంటున్నాడు.

టైము పదకొండు కావొస్తోంది. సిగ్గుపడుతూ "తీరిగ్గా" అర తెరిచాను. మూడు వందల నలభై మెయిళ్ళు. ఒక్కటీ తెరిచిన పాపాన పోలేదు.

"పిన్నీ, గదికి తాళం ఎప్పుడు వేశాడో గుర్తుందా?"

"ఎందుకు లేదూ? టీచరమ్మగారు దుప్పట్లు ఆరేసినప్పుడు."

ఆరో అంతస్తు టీచరమ్మ నేలచూపులు చూసింది. ఆ ఏడు వానలు వదలకుండా పడితే, మోటారు గది వెచ్చగా ఉంటుందని ఆవిడ తడి దుప్పట్లు పట్టుకెళ్ళి ఏకంగా లిఫ్టు మోటారు మీదే ఆరేసింది. లిఫ్టు ఓ పూటంతా సబ్బు వాసనతో తిరిగింది. మర్నాడే బాబాయి గదికి తాళం వేశాడు.

బాబాయి అరలో "దుప్పట్లు" అని వెతికాను. ఒక్కటంటే ఒక్క మెయిలు వచ్చింది. తోక లేదు కదా మరి. పైకి చదవడం మొదలుపెట్టాను. మొదటి పేజీ అంతా తడి దుప్పటికీ కరెంటుకీ ఉన్న విరోధం గురించే.

"అసలు సంగతికి రారా!" అంది పిన్ని.

"వస్తున్నా. 'ఇకపై మోటారు గది తాళంచెవి మా ఇంట్లో ఉంటుంది. చెవి చిన్న వస్తువు, విడిగా పెడితే పోతుంది. కాబట్టి పోవడానికి వీల్లేని పెద్ద వస్తువుకి కట్టాను. మొన్న మెట్ల దగ్గర ఒక నల్ల గొడుగు దొరికింది. డాక్టరుగారిదనుకుంటాను. ఆయన వచ్చి తీసుకునేదాకా మా తలుపు వెనక తగిలిస్తున్నాను. చెవి దాని పిడికి...'"

చదవడం ఆపి తలెత్తాను. అందరూ పిన్ని చేతికేసి చూస్తున్నారు. తానే కుట్టిన పూల గుడ్డ తొడుగులో గొడుగు, పిడికి తాడు, తాడుకి తాళంచెవి. అర్ధగంటగా లిఫ్టు తలుపు మీద టింగు టింగుమన్నది అదే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే విన్నాను గానీ, ఆ పిల్లతో తలుపు కొట్టడం ఇదే చూడటం.

"ఈ చెవి పాత ట్రంకుపెట్టెదనుకున్నాన్రా," అంది పిన్ని నీరసంగా.

వాచ్‌మన్ చెవి లాక్కుని పరుగెత్తాడు. డాక్టరు తొడుగు కొంచెం పైకి లాగి చూసి, "నాదే!" అన్నాడు. తర్వాత నెమ్మదిగా టైలరుకేసి తిరిగాడు. "చొక్కా ఒకటి కుట్టించుకోవాలండీ," అన్నాడు. టైలరు తల పక్కకి తిప్పుకున్నాడు.

మెయిల్లో ఇంకో నాలుగు వాక్యాలు మిగిలాయి. అవి పైకి చదవలేదు.

"ఇదంతా ఎందుకు రాస్తున్నానంటే, ఈమధ్య నాకు మరుపు ఎక్కువైంది. నిన్న మా వీధి పేరు తట్టక కాసేపు నిలబడిపోయాను. ఇంట్లో చెప్పలేదు, కంగారు పడుతుంది. నేను మర్చిపోయినా మీలో ఒక్కరు గుర్తుపెట్టుకోండి, చదివినవాళ్ళు చదివామని ఒక ముక్క రాయండి."

ఆరేళ్ళయింది. ఎవరూ ఒక ముక్క రాయలేదు. మూడో అంతస్తులో ఎవరిదో పిల్లి తప్పిపోతే ముప్పై జవాబులొచ్చాయి. లిఫ్టులో ఆ కాసేపు చప్పుడు ఎందుకు లేదో అప్పుడర్థమైంది. ఆయన మొండికెయ్యలేదు. ఆయనకి గుర్తులేదు. నా మీద నాకే అసహ్యం వేసింది.

పైన చక్రం తిరిగింది. లిఫ్టు మూలుగుతూ దిగి మూడో అంతస్తుకి సమంగా ఆగింది. తలుపు తెరిస్తే బాబాయి తను చేసిన ఉయ్యాల్లోనే మోకాళ్ళు ముడుచుకుని కూర్చుని ఉన్నాడు. లేవబోయి లేవలేకపోయాడు. నేనూ టైలరూ చెరో చెయ్యీ పట్టి లాగాం.

లేచి నిలబడి ముందు నా మొహంలోకి చూశాడు. "రాశానా, లేదా?" అన్నాడు. ఆ గొంతులో దబాయింపు ఉంది గానీ కళ్ళలో లేదు.

"రాశావు బాబాయ్. చాలా వివరంగా రాశావు. మేమే చదవలేదు."

"మరదే!" అన్నాడు. ఆయన భుజాలు కొంచెం దిగాయి. అంతలోనే తేరుకుని, "తలుపు మెల్లగా వెయ్యండయ్యా!" అని అందరినీ తిట్టాడు.

గొడుగు ఈ ఒక్క ప్రయాణానికి ఉంచుకోమన్నాడు డాక్టరు. రైలు అందింది. స్టేషన్లో ఉయ్యాల ఎక్కించి, నేను చెప్పకుండానే పిన్ని ఆయన చొక్కా జేబులో చీటీ పెట్టడం చూశాను. చీటీలో వాళ్ళమ్మాయి ఇంటి అడ్రసుంది. ఇంట్లో తెలియదని ఆయన అనుకుంటున్నాడంతే.

ఇంటికొచ్చి ఆ ఆరేళ్ళ నాటి మెయిలుకి జవాబు కొట్టాను. "చదివాను బాబాయ్. గుర్తుపెట్టుకుంటాను." లిస్టు మొత్తానికీ వెళ్ళింది. మొన్ననే దిగిన ఒకటో అంతస్తువాళ్ళు శీర్షిక చూసి బకెట్లు నింపుకుంటున్న చప్పుడు వినిపించింది.

సాయంత్రానికి రైల్లోంచి బాబాయి జవాబొచ్చింది. తోక లేదు.

"ఏం చదివావు? ఏం గుర్తుపెట్టుకుంటావు? వివరంగా రాయి."

ఆయనొక్కడికే, రెండు పేజీలు రాశాను.