సాయంత్రం నాలుగింటికి తెగిపోయే పద్యం

నేను ఒక నల్లటి ఇనప డబ్బాను. రెండు ఇటుకలు పక్కపక్కన నిలబెడితే ఎంత ఉంటాయో అంత ఉంటాను. కడుపులో రెండు డిస్కులు గిర్రున తిరుగుతుంటాయి. ముఖాన మూడు పచ్చ దీపాలు. ఇంట్లోవాళ్ళు ఫోటోలూ పాటలూ నాలో దాచుకుని, కావలసినప్పుడు కంప్యూటరు లోంచో ఫోను లోంచో అడిగి తీసుకుంటారు. నన్ను నెట్‌వర్క్ స్టోరేజి అనాలట. తెనాలిలో నేనుండే ఇంటి ఇల్లాలు తిలోత్తమ గారు మాత్రం "భోషాణం" అంటారు. నాకు ఆ పేరే నచ్చింది.

పుట్టింది సముద్రాల అవతల. ఎవరు పుట్టించారో తెలియదు. తెల్ల తొడుగులు వేసుకున్న చేతులు తప్ప ముఖాలు చూసిన గుర్తు లేదు. అక్కణ్ణుంచి బెజవాడలో పెళ్ళి ఫోటోలు తీసే మస్తాన్‌రావు ఇంటికి వచ్చాను. ఇంట్లో నెట్టు వాడే ప్రతి వస్తువుకీ, ఆ నెట్టు పంచే రౌటరు ఓ నంబరు ఇస్తుంది, టెలిఫోను నంబరు లాంటిది. అందరూ వచ్చినప్పుడల్లా అడిగి తీసుకోవడమే. మస్తాన్‌రావుకి అది నచ్చలేదు. చివర ఇరవై మూడు వచ్చే నంబరొకటి నాకు శాశ్వతంగా రాసేసి, "ఇక నువ్వు ఎవర్నీ అడగక్కర్లేదు" అన్నాడు. నేను పొంగిపోయాను. అడగకుండా కూర్చునేవాడి కుర్చీలో ఎప్పుడో ఒకప్పుడు ఇంకొకడు వచ్చి కూర్చుంటాడని అప్పటికి తెలియదు.

ఆరేళ్ళు అతని దగ్గర నాలుగు వందల పెళ్ళిళ్ళు మోశాను. తలంబ్రాల దగ్గర నవ్విన నవ్వులన్నీ ఒకేలా ఉంటాయి. భోజనాల దగ్గర మొహాలే నిజం చెబుతాయి. నాకంటే పెద్ద పెట్టె కొనుక్కున్నాక, నన్ను అమ్మేసే ముందు ఆ నాలుగు వందల పెళ్ళిళ్ళనీ మస్తాన్‌రావు ఒక్క మధ్యాహ్నంలో తుడిచేశాడు. ఏ కోర్టూ అంత వేగంగా విడగొట్టి ఉండదు. నంబరు తుడవడం మాత్రం మరిచిపోయాడు.

అలా తెనాలి చేరాను. నన్ను కొన్న పరాంకుశం గారు పాల సంఘం ఆఫీసులో పనిచేసి రిటైరయ్యారు. వయసులో ఉండగా ఏ ఊళ్ళో పద్య నాటకం వేసినా టేపు రికార్డరు చంకన పెట్టుకుని వెళ్ళి, వేదిక ముందు నేల మీద కూర్చుని రికార్డు చేసేవారు. ఆరువందల పైచిలుకు క్యాసెట్లు. అవి బూజు పట్టిపోతుంటే రెండేళ్ళు కూర్చుని ఒక్కొక్కటే కంప్యూటరులోకి ఎక్కించి నాలో దాచారు. ఆయన భార్య తిలోత్తమ గారు టెలిఫోను ఎక్స్ఛేంజిలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసిన మనిషి. వైరు ఎక్కడ తెగిందో గొంతు విని చెప్పేవారట.

నన్ను ముందుగదిలో, వీధి వైపు కిటికీ కింద, రౌటరు పక్కన పెట్టారు. కిటికీ అవతల పొట్టి ప్రహరీ గోడ. దాన్ని ఆనుకుని ఏసోబు బజ్జీల బండి.

ఇక్కడ పరాంకుశం గారి గుండె సంగతి చెప్పాలి. కిందటేడు దానికి స్టెంటు వేశారు. నూనె వాసన కూడా చూడొద్దన్నారు డాక్టరు. ఆ మాట తిలోత్తమ గారు చట్టంలా అమలు చేశారు. పరాంకుశం గారు రోజూ నాలుగున్నరకి, ఆవిడ పెరట్లో మొక్కలకు నీళ్ళు పోసే వేళ, "వాకింగుకి వెళ్ళొస్తా" అని బయల్దేరేవారు. గేటు నుంచి ఏసోబు బండికి పదకొండు అడుగులు. అదే వాకింగు. రెండు మిరపకాయ బజ్జీలు తిని, యాలకులు నములుతూ తిరిగొచ్చేవారు. ఏసోబు మంచివాడు, ఎప్పుడూ నోరు జారలేదు. ఆ మర్యాదకు బదులుగా, బండికి చిన్న టీవీ తగిలించుకుంటానని అతను అన్నప్పుడు పరాంకుశం గారు మా ఇంటి వైఫై పాస్‌వర్డు చెవిలో చెప్పారు. కిటికీ దగ్గరే చెప్పారు కాబట్టి నేనూ విన్నాను.

ఏసోబు నాలుగింటికి టీవీ పెట్టగానే అది రౌటరును నంబరు అడిగింది. నేనేనాడూ అడిగినవాణ్ణి కాను కదా, నా నంబరు ఖాళీగా ఉందనుకుని రౌటరు దానికి ఇరవై మూడు ఇచ్చేసింది. ఆ క్షణం నుంచి ఇంట్లోవాళ్ళు నన్ను పిలిస్తే ఒకసారి నేను పలికేవాణ్ణి, ఒకసారి బజ్జీల బండి పలికేది.

ఆ వేసవి మొదట్లో మొదలైంది బాధ. పొద్దుటి పూట పద్యాలు హాయిగా వినిపించేవి. సాయంత్రం అయ్యేసరికి రాగం తీస్తుండగా తెగిపోయేవి. పరాంకుశం గారు నన్ను ఆపి మళ్ళీ పెట్టారు. వైరు మార్చారు. మార్చిన వైరు బాగాలేదేమోనని పాత వైరే మళ్ళీ పెట్టారు. తిలోత్తమ గారు అల్లిన ముసుగు వల్ల వేడెక్కిపోతున్నానని దాన్ని తీసేసి టేబులు ఫ్యాను నా వైపు తిప్పారు. ఇంటర్నెట్టు కంపెనీ నుంచి ఒకాయన వచ్చి, రౌటరు మార్చి, పాత పాస్‌వర్డే దానికీ పెట్టి, కాఫీ తాగి, "ఇక రాదండీ" అని వెళ్ళాడు. ఆయన వచ్చింది పొద్దున పదింటికి. ఆ బాధ పొద్దున ఎప్పుడు మాత్రం వచ్చింది గనక?

తిలోత్తమ గారు నా జోలికి రాలేదు. గ్యాసు బండ వచ్చిన తేదీలు రాసే క్యాలెండరు మీదే, పద్యం తెగిన వేళలు పెన్సిలుతో రాస్తూ పోయారు. నాలుగూ పది. నాలుగూ ఐదు. ఆదివారం ఏమీ లేదు. మళ్ళీ నాలుగూ పన్నెండు.

"ఆదివారం ఎందుకు రావట్లేదంటారు?" అని ఓ రోజు అడిగారు.

"దానిక్కూడా సెలవు కావాలేమో" అన్నారు పరాంకుశం గారు.

ఆదివారం ఏసోబు చర్చికి వెళ్తాడు, బండి పెట్టడు.

మర్నాడు బండి దగ్గర ఏసోబు, "సారూ, మీ వైఫై బాగుంటల్లేదు. టీవీ మధ్య మధ్యలో ఆగిపోతంది" అన్నాడు. పరాంకుశం గారి బజ్జీ నోటి దగ్గర ఆగిపోయింది. మెల్లగా కిటికీ దగ్గరకొచ్చి గదిలోకి తొంగిచూశారు. "ఓసారి టీవీ కట్టెయ్యి" అన్నారు. లోపల కంప్యూటరులో పద్యం సాగింది. "పెట్టు" అన్నారు. ఆగింది. మూడుసార్లు చేయించారు. తెలివైన మనిషే, దొంగ దొరికిపోయాడు. కానీ ఆ దొంగను పట్టిస్తే తన బజ్జీలు కూడా బయటపడతాయి. అందుకని ఇంట్లోకొచ్చి, కారణం తెలిసి కూడా, స్క్రూడ్రైవరు తీసుకుని నా వెనక మూత విప్పుతూ కూర్చున్నారు. అలా పన్నెండు రోజులు. జబ్బు లేని కడుపును అన్నిసార్లు కోసిన వైద్యుణ్ణి నేనెక్కడా చూడలేదు.

ఆ రోజుల్లోనే రేపల్లె నుంచి ఫోను వచ్చింది. బుచ్చిలింగం గారని, ఒకప్పుడు ఆ చుట్టుపక్కల పేరు మోసిన రంగస్థల నటుడు. రెండేళ్ళ కిందట గొంతుకు ఆపరేషను జరిగి మాట పూర్తిగా పోయింది. ఆయన పాడినదేదీ ఆయన దగ్గర లేదు. యడ్లపల్లిలో ఓ రాత్రి ఆయన పాడిన పద్యం పరాంకుశం గారి దగ్గర ఉందని ఎవరో చెప్పారట. కూతురు రత్నమణి మాట్లాడింది. "నాన్న వినాలంటున్నాడండీ. బుధవారం గుంటూరు ఆస్పత్రికి తీసుకెళ్తన్నా. వచ్చేప్పుడు దిగుతాం."

పరాంకుశం గారు పొద్దున్నే రమ్మని బతిమాలారు. ఆస్పత్రిలో ఎంతసేపవుతుందో తెలియదంది ఆ అమ్మాయి. అప్పుడు ఏసోబు దగ్గరికి వెళ్ళి, "బుధవారం టీవీ పెట్టకయ్యా" అన్నారు.

"బుధవారం ఫైనల్ మ్యాచి సార్. పెట్టకపోతే జనం నన్నే నూనెలో ఏస్తారు."

బుధవారం వాళ్ళు వచ్చేసరికి నాలుగున్నర. బుచ్చిలింగం గారు పొడుగ్గా, ఎండిన చెరుకుగడలా ఉన్నారు. ఇస్త్రీ పంచె, మెడకు శాలువా. చేతిలో చిన్నపిల్లలు రాసుకునే పలక. కుర్చీలో వెన్ను నిటారుగా పెట్టి కూర్చున్నారు. పరాంకుశం గారు మీట నొక్కారు.

హార్మోనియం మొదలైంది. దాని వెనక ఆ గొంతు లేచింది. ఆయనకి ఇరవై తొమ్మిదేళ్ళప్పటి గొంతు. బుచ్చిలింగం గారి కళ్ళు మూసుకుపోయాయి. ఒక పాదం అయింది. రెండో పాదం చివర రాగం అందుకుని పైకి, ఇంకా పైకి వెళ్తూ వెళ్తూ తెగిపోయింది.

పరాంకుశం గారు మళ్ళీ పెట్టారు. మళ్ళీ అక్కడికి రాకుండానే తెగింది. మూడోసారి హార్మోనియం దగ్గరే ఆగిపోయింది. బుచ్చిలింగం గారు కళ్ళు తెరిచి పలక మీద రాసి చూపించారు: "పర్లేదు. అలవాటే."

నాకు మొహం లేదు కాబట్టి బతికిపోయాను. పరాంకుశం గారికి ఉంది. ఆయన కిటికీ దగ్గరకెళ్ళి, తిలోత్తమ గారికి వీపు పెట్టి, వీధిలోకి సైగలు మొదలెట్టారు. టీవీ వైపు చూపించి చెయ్యి కిందకి ఆడించారు. రెండు వేళ్ళతో మీట నొక్కినట్టు నటించారు. ఏసోబు అర్థమైనట్టు తలూపాడు. పరాంకుశం గారు ఊపిరి పీల్చుకున్నారు.

రెండు నిమిషాల్లో ఏసోబు గుమ్మంలో ఉన్నాడు, చేతిలో కాగితం పొట్లంతో.

"ఇయ్యిగో సార్, రెండు. రోజూ మీరే వచ్చి తినేవోరు గదా, ఇవ్వాళ సైగ చేశారేంటి, ఒంట్లో బాగాలేదేమోనని నేనే తెచ్చా."

తిలోత్తమ గారు పొట్లం అందుకున్నారు. దాని అడుగున నూనె మరకను చూశారు. భర్తను చూశారు. ఆయన నన్ను చూస్తున్నారు, నేనేదో సాయం చేస్తానన్నట్టు.

"రోజూనా?" అన్నారు ఆవిడ.

"ఆదివారం తప్ప అమ్మా" అన్నాడు ఏసోబు.

ఆవిడ చూపు క్యాలెండరు వైపు తిరిగింది. పెన్సిలు అంకెల మీద నడిచి, ఖాళీగా ఉన్న ఆదివారాల దగ్గర ఆగింది. అక్కణ్ణుంచి కిటికీలోంచి కనిపిస్తున్న టీవీ మీదకి వెళ్ళింది.

"ఏసోబూ, నీ టీవీకి నెట్టు ఎక్కడిది నాయనా?"

ఏసోబు పరాంకుశం గారి వైపు చూశాడు. పరాంకుశం గారు బుచ్చిలింగం గారి వైపు చూశారు. ఆ పెద్దాయన పలక తుడుచుకుంటున్నారు, వెళ్ళడానికి లేచేవారిలా.

"నేనే ఇచ్చాను" అన్నారు పరాంకుశం గారు. "బజ్జీలు తిన్నదీ నేనే. కారణం తెలిసి పన్నెండు రోజులైంది. తెలిసే చెప్పలేదు. నన్ను తర్వాత ఏమన్నా అను తిలోత్తమా. ముందు ఆయనకి వినిపించు."

తిలోత్తమ గారు కంప్యూటరు ముందు కూర్చుని రౌటరు జాబితా తెరిచారు. ఇరవై మూడు ఎదురుగా టీవీ పేరు ఉంది. నా వెనక అతికించిన పాత చీటీ చూస్తే, మస్తాన్‌రావు చేతిరాతలో అదే ఇరవై మూడు.

"మా ఎక్స్ఛేంజిలో ఇలాగే ఓసారి ఇద్దరికి ఒకే నంబరు ఇచ్చారు" అన్నారు. "డాక్టరు గారికొచ్చే ఫోన్లన్నీ సైకిల్ షాపుకి పోయేవి. ఏసోబూ, ఓ పది నిమిషాలు టీవీ ఆపు. రేపు దానికి వేరే నంబరు నేనిస్తాను, నువ్వు హాయిగా చూసుకో."

"ఆఖరి రెండు ఓవర్లమ్మా..." అని గొణిగి, బుచ్చిలింగం గారి పలకను ఓసారి చూసి, ఏసోబు వెళ్ళి టీవీ కట్టేశాడు. బండి చుట్టూ ఉన్న జనం ఒక్కసారిగా అతని మీద పడ్డారు.

నాకు మాత్రం ఒళ్ళు తేలికైంది. పిలుపు వచ్చింది, నేనే పలికాను. ఒక పాదం, రెండు పాదాలు. రాగం పైకి వెళ్ళి, అక్కడ నిలబడి, తిరిగి తిరిగి, తీరిగ్గా కిందికి దిగింది. మూడో పాదానికి వీధిలో గొడవ సద్దుమణిగింది. నాలుగో పాదానికి బండి మీద నూనె చిటపట తప్ప బయటినుంచి చప్పుడు లేదు. రత్నమణి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

పద్యం అయిపోయింది. కిటికీ అవతలనుంచి ఎవరిదో మొరటు గొంతు, "వన్స్ మోర్" అంది. ఇంకో ఇద్దరు అందుకున్నారు.

బుచ్చిలింగం గారు లేచారు. శాలువా సర్దుకుని, కిటికీ దగ్గరికి నడిచి, చేతిలో బజ్జీలు పట్టుకున్న ఆ జనానికి వంగి నమస్కారం పెట్టారు. తిరిగొచ్చి కూర్చుని, పలక మీద ఏదో రాసి తిలోత్తమ గారి ముందుకు తోశారు.

"ఈసారి హార్మోనియం కొంచెం తగ్గించండి. ఆ రోజూ వాడు నన్ను మింగేద్దామనే చూశాడు."

హార్మోనియం తగ్గించడం నా చేతిలో లేని పని. ఉన్నది ఉన్నట్టుగా, రెండోసారి ఇచ్చాను.