కప్ప వెనక తలుపు

జిగట.

పాత సామాన్ల అంగట్లో కొన్న వీడియో గేము కంట్రోలరు ఆమె చేతికి అంటుకుంది. బటన్ల చుట్టూ నల్లటి మడ్డి. గాడుల్లో ఎవరెవరివో చెమటలు, గోళ్ల మట్టి, ఎన్నేళ్ల కిందటిదో చిరుతిండి నూనె...

ఆమెకి అసహ్యం వేయలేదు.

పాత పళ్ల బ్రష్షు తెచ్చుకుంది. స్పిరిట్‌లో ముంచింది. ఒక్కో గాడీ, ఒక్కో మూలా — చంటిపిల్ల చెవులు తుడిచినంత ఓపిగ్గా రుద్దింది.

ఆమె పనే అలాంటిది. కట్టుడు పళ్లు తయారుచేసే ల్యాబులో పొద్దస్తమానం కూర్చుంటుంది. ముక్కూ మొహం తెలియని వాళ్ల నోళ్ల అచ్చులు బల్ల మీదికి వస్తాయి. చిగుళ్ల గుంటలు. వంకర దవడలు. అచ్చుకి అంటుకొచ్చిన ఎంగిలి. పక్కబల్ల ఆవిడ ఇన్నేళ్లయినా ముక్కుకి గుడ్డ కట్టుకోనిదే వాటిని ముట్టుకోదు. ఈమెకి ఆ పట్టింపు లేదు. నోరన్నాక ఎంగిలి ఉంటుంది. చెయ్యన్నాక మడ్డి ఉంటుంది.

ఆమెకి అసహ్యం వేసేవి వేరే ఉన్నాయి.

డెబ్బై ఏళ్ల ముసలాయన పాలమీగడ లాంటి పళ్లు కావాలంటాడు. ఆ పళ్లు చేస్తుంటే వెగటు. బాగాలేని సెట్టుని చూసి డాక్టరు "అద్భుతం" అంటే వెగటు. కష్టపడకుండా వచ్చిన మెప్పు ఆమె ఒంటికి పడదు.

ఆటలంటే మాత్రం ప్రాణం. పాతవీ, కొత్తవీ. నలభై దాటిన మనిషి ల్యాబు నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, వంటింటి పక్క చిన్న గదిలో టీవీ ముందు బాసింపట్టు వేసుకుని కూర్చుందంటే ఇక లోకం లేదు.

"మా పిల్లలే మానేశారు వదినా. నువ్వింకా మానలేదు" అంటుంది ఆడపడుచు.

అననీ. నవ్వుకోనీ. ఆమెకేం పోయింది?

కొత్త ఆటల్లో ఆమెకి ఒకటి ఉంది. కొండలు, మంచు, ఒక గుర్రం. కనిపించిన వాణ్ణల్లా చంపమంటుంది ఆ ఆట. ఆమె చంపదు. గుర్రాన్ని నడిపించుకుంటూ పోతుంది... వాన పడితే చెట్టు కింద ఆగుతుంది. బొమ్మవాన అని తెలుసు. అయినా తెరిపి ఇచ్చేదాకా నిలబడుతుంది. గుర్రం తడుస్తుందని.

పాత ఆటల్లో ఇంత ముచ్చట ఉండదు. చుక్కలు చుక్కలుగా మనిషి. గళ్లు గళ్లుగా చెట్టు. తప్పు చేశావా — చచ్చావు. మళ్లీ మొదట్నుంచి. ఎంత కటువుగా ఉంటుందో అంత ఇష్టం ఆమెకి. ముఖస్తుతి లేదు, బుజ్జగింపు లేదు.

ఒకసారి పక్కబల్ల ఆవిడ తన ఫోన్లో ఒక ఆట చూపించింది. వేలు ఆనిస్తే చాలు, నాణేలు కురిశాయి. "భేష్" అంది ఫోను. ఓడిపోతే "ఇదిగో ఇంకో ప్రాణం" అంది. పొద్దున్నే తెరిస్తే బహుమతి కూడా ఇస్తుందట.

ఏం చేసినందుకు?

తెరిచినందుకు.

ఛీ. బాగుందని చెప్పి ఫోను తిరిగి ఇచ్చేసి, కుళాయి దగ్గరికి వెళ్లి చేతులు కడుక్కుంది. ఎంగిలి అచ్చులు పట్టుకున్నప్పుడు కూడా అంత రుద్ది కడుక్కోదు.

ఇక కప్ప సంగతి.

అది చిన్నప్పటి ఆట, అన్నయ్య ఆటల మిషన్లోది. లాంతరు పట్టుకున్న బుల్లి మనిషి గుహల్లో పడి పరిగెత్తుతుంటాడు. నాచు... బురద... పైనుంచి కారే నీళ్లు... చిట్టచివర కప్ప. తెర నిండా కప్ప. చూస్తేనే చీదర పుట్టే ఆకుపచ్చ. నోరు తెరిస్తే బురద ఉమ్మేది. దాని వెనక ఒక చెక్క తలుపు. తలుపు సందులో పసుప్పచ్చటి వెలుగు.

ఆ తలుపు అవతల ఏముంది?

ఆమె కప్ప దాకా వచ్చేది. ఎన్నిసార్లో వచ్చింది. వచ్చిన ప్రతిసారీ పక్కనుంచి ఒక చెయ్యి.

"ఇలా తే. నీకు రాదు."

లాక్కునేవాడు అన్నయ్య. లాక్కుని చచ్చేవాడు. వాడికీ రాలేదు. తర్వాత మిషను చెడిపోయింది. అన్నయ్యకి మీసాలొచ్చాయి, ఆటల మీద మోజు పోయింది. మోజు పోనిది ఆమెకే. తలుపు మూసే ఉంది.

ఇన్నేళ్ల తర్వాత ఆ ఆటని కొత్త మిషన్ల కోసం మళ్లీ విడుదల చేశారు. అదే గుహ. అదే నాచు. తేడా ఒక్కటే — రివైండ్ బటను పెట్టారు. గోతిలో పడ్డావా, బటను నొక్కి పట్టుకో. పడ్డవాడు పైకి లేచొస్తాడు. పోయిన ప్రాణం తిరిగొస్తుంది.

ఆమె కంట్రోలరు మీద ఆ బటనుకి టేపు ముక్క అంటించేసింది.

రోజూ సాయంత్రం ఆడింది. రోజూ చచ్చింది. అయినా ఇప్పుడు పక్కనుంచి చెయ్యి రాదు, ఆ సుఖం వేరు. చావుకీ చావుకీ మధ్య కొంచెం కొంచెం నేర్చుకుంది. ఉమ్మే ముందు కప్ప ఎడమ కన్ను మూస్తుంది. అది కనిపెట్టిన రోజు ఆనందంతో అన్నం సహించలేదు.

మొగుడు మంచివాడు. చిక్కంతా అక్కడే.

లిఫ్టు మెకానిక్ ఆయన. అంతస్తుల మధ్య ఇరుక్కున్న వాళ్లని బయటికి తీయడం పని. ఎవరు ఎక్కడ ఇరుక్కున్నా చూడలేడు. గుమ్మంలో నిలబడి ఆమె ఆట చూసేవాడు. చచ్చినప్పుడల్లా "పాపం" అనేవాడు. ఆ మాటకి ఒంటి మీద జెర్రి పాకినట్టుండేది ఆమెకి. ఏమనగలదు? మంచి మనిషి.

ఆయనకి కాలు బెణికింది. కట్టు కట్టించుకుని వారం ఇంట్లోనే ఉన్నాడు.

వారం చివర ఆమె ల్యాబు నుంచి వచ్చేసరికి కుంటుకుంటూ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"కళ్లు మూసుకో."

"ఎందుకండీ?"

"మూసుకోమంటున్నానా."

భుజాలు పట్టుకుని గదిలోకి నడిపించాడు. కూర్చోబెట్టాడు. చేతిలో కంట్రోలరు పెట్టాడు. వేలికి తెలిసిపోయింది... టేపు లేదు. బంక మాత్రం మిగిలింది.

కళ్లు తెరిచింది.

కప్ప చచ్చి పడి ఉంది. వెల్లకిలా. నాలుక బయటికి.

తలుపు తెరిచి ఉంది.

"నువ్వు రోజూ బాధపడుతుంటే చూడలేకపోయాను. వారమంతా దీని ముందే కూర్చున్నా. ఆ బటనుందే, భలే బటను. నేనొక్కసారి కూడా చావలేదు తెలుసా? లోపలికి మాత్రం వెళ్లలేదు, నీకోసం ఆపాను. ఒక్కడుగు వేస్తే చాలు."

ఒక్కసారి కూడా చావలేదట.

ఆమె నోట్లో నీళ్లూరాయి. వాంతికి ముందు ఊరే నీళ్లు. ఎవరో ముద్దని తాము నమిలి, మెత్తగా చేసి, ప్రేమగా ఆమె నోట్లో పెట్టినట్టుంది. ఇన్నేళ్లు నోళ్ల మధ్యే బతికిన మనిషి — ఇంత ఎంగిలి ఎన్నడూ ఎరగదు.

ఆయన మొహంలోకి చూసింది. మెచ్చుకుంటుందని చూస్తున్నాడు, పసివాడిలా.

నవ్వింది. ఆ నవ్వుకి తనకే రోత పుట్టింది.

"నొక్కు మరి" అన్నాడు.

తలుపులోంచి పసుప్పచ్చటి వెలుగు. చూడాలని ఉంది. ఒక్కడుగు వేస్తే ఆయన సంతోషిస్తాడు. భోజనాలవుతాయి. రేపు చెల్లెలికి ఫోన్ చేసి గొప్పగా చెప్పుకుంటాడు. ఎవరికీ నష్టం లేదు.

ఎవరికీ నష్టం లేదని తనే అనుకున్నందుకు ఇంకా అసహ్యం వేసింది.

రివైండ్ నొక్కింది.

తలుపు మూసుకుంది. కప్ప లేచింది. నాలుక లోపలికి పోయింది. ఉమ్మిన బురద నేల మీంచి లేచి, గాల్లో వెనక్కి వచ్చి, మళ్లీ దాని నోట్లోకే దూరింది...

"అదేంటి, వెనక్కెందుకు?"

నొక్కి పట్టుకునే ఉంది. ఇంకా వెనక్కి. కప్ప ఎదురుపడక ముందుకి. వీలైతే టేపు ఊడక ముందుకి. కానీ ఆ బటనుకీ ఒక హద్దుంది. కాస్త దూరం పోయి ఆగిపోయింది. కప్ప రొప్పుతోంది. ఇంకొక్క దెబ్బ వేస్తే చస్తుంది. అంతకంటే వెనక్కి పోదట.

యుద్ధమంతా ఆయనదే. ఆమెకి మిగిలింది ఆఖరి దెబ్బ.

కప్ప ఎడమ కన్ను మూసింది. తప్పుకోవాలి, వేళ్లకి తెలుసు. ఆమె వేళ్లు తీసేసింది.

బురద వచ్చి మీద పడింది. ఒక ప్రాణం పోయింది. ఇంకోటి లేచింది, దాన్నీ అలాగే నిలబెట్టింది. మళ్లీ బురద. ఆయన జాగ్రత్తగా దాచిన ప్రాణాలన్నీ ఒకదాని తర్వాత ఒకటి... లాంతరు పట్టుకున్న బుల్లి మనిషి కదలకుండా నిలబడి చచ్చాడు.

"సేవ్ చెయ్యలేదు నేను" అన్నాడాయన. "నాకూ చూడాలనే ఉండింది. నువ్వొచ్చేదాకా ఆగాను."

ఆ మాట నిజం. ముల్లులా దిగింది. ఇంత మంచి మనిషి కష్టాన్ని మట్టిపాలు చేసినందుకు తన మీద తనకి అసహ్యం. ఆయన కష్టం మీదా అసహ్యమే.

"చిన్నప్పుడు అన్నయ్య కసిరి లాక్కునేవాడు" అంది. "మీరు ప్రేమగా లాక్కున్నారండీ."

ఆయన కాలు ఈడ్చుకుంటూ గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. వెళ్లిపోనూ లేదు, వచ్చి కూర్చోనూ లేదు.

ఆమె పిలవలేదు.

తెర మీద మొదటి గుహ. మొదటి ప్రాణం. పరిగెత్తించింది. ఎగరాల్సిన చోట ఎగరలేదు. ఎంత కొత్తవాళ్లయినా పడని గొయ్యి అది. అందులో కాలు జారింది.

బుల్లి మనిషి ఇంకా అడుక్కి చేరలేదు.

ఆమె చూసుకుంది. తను చెప్పకుండానే బొటనవేలు వెళ్లి రివైండ్ బటను మీద కూర్చుని ఉంది.

గుమ్మంలోంచి ఆయన కూడా చూశాడు.