చట్రం కింది చదువు

పొద్దున్నే పొయ్యి మీద పాలు కాగేలోపు అమ్మమ్మ చట్రానికి గుడ్డ బిగించేస్తుంది. ఆస్పత్రి దుప్పట్ల మీదా, హోటలు తువ్వాళ్ల మీదా పేర్లు కుట్టడం ఆవిడ పని. చట్రం నడుమెత్తున బల్లలా ఉంటుంది. పైనుంచి ఆవిడ సూది దించితే, కింద చాప మీద కూర్చున్న మనవరాలు అందుకుని మళ్లీ పైకి తోస్తుంది. వెలుతురుకి పెన్సిలు గీతలు కిందివైపుకీ కనపడతాయి కాబట్టి గురి తప్పదు.

మనవరాలికి ఏడేళ్లు. సన్నగా ఉంటుందని అందరూ గుండుసూది అంటారు. అది ఎటు చూస్తే అటు దాని దగ్గరుండే ఎర్రదారపు ఉండలోంచి ఒక పోగు లేచి వెళ్తుంది. కాకిని చూస్తే కాకి దాకా, కుళాయిని చూస్తే కుళాయి దాకా. పాకే వయసు నుంచీ అంతే. పాలవాడు కాలెత్తి దారాన్ని దాటుకుని వస్తాడు. పక్కింటావిడ మాత్రం ఆరేసిన బట్టలకి తగిలినప్పుడు రంగు దిగుతుందా అని అడిగింది, దిగదంటే ఊరుకుంది.

తంటా అంతా బడిలో వచ్చింది. దారపుండ సంచీలో వేసుకుని వెళ్లేది గుండుసూది. పుస్తకం తెరవగానే దారం వరస చివర మొదలై వెనక్కి నడిచేది, మధ్యలో తికమకపడి పై వరసకి ఎగబాకేది, అక్కడ చిక్కుపడి కూర్చునేది. పిల్ల నోరు మెదిపేది కాదు.

హెడ్ మేడం అమ్మమ్మనీ, ఆవిడ కూతుర్నీ, అంటే నర్సు ఉద్యోగం చేసే పిల్ల తల్లినీ పిలిపించారు. పిల్లకి చెయ్యీ కన్నూ ఇంకా కలవలేదన్నారు. బంతి పట్టించండి, పూసలు గుచ్చించండి, చూపు వెంట వేలు నడవడం అలవాటైతే చదువు దారికొస్తుందన్నారు. శుక్రవారం ఒక పేజీ చదవలేకపోతే మాత్రం మళ్లీ శిశుతరగతిలో కూర్చోబెట్టక తప్పదన్నారు. దారం గురించి ఆవిడ చెప్పిందల్లా, పక్కపిల్లల కాళ్లకి అడ్డం పడుతోందని.

అమ్మమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"రెండు పోగుల సందులో సూది దూర్చే పిల్లండీ ఇది. దీనికి చెయ్యీ కన్నూ కలవలేదా?"

"నాకూ అదే అర్థం కావడం లేదమ్మా," అన్నారు మేడం. "కానీ పుస్తకం దగ్గర కలవడం లేదు."

ఇంటికొచ్చీ రాగానే అమ్మమ్మ బంతి విసిరి చూసింది. గుండుసూది ఒంటిచేత్తో పట్టింది. పూసలిస్తే టీ చల్లారేలోపు దండ గుచ్చి ఇచ్చింది. అమ్మమ్మకి కోపం రెట్టింపైంది. కూతురు మెత్తటి మనిషి. పోనీలే, ఒక్క ఏడాదే కదా, కూర్చోబెడదాం అంది. అమ్మమ్మ ససేమిరా అంది. పసిపిల్లల బెంచీలో దాని మోకాళ్లే పట్టవు, నలుగురూ నవ్వుతుంటే అది రోజంతా ఎలా కూర్చుంటుందని నిలదీసింది.

"నేనక్కడ కూర్చోను," అని చట్రం కిందినుంచి గుండుసూది గొంతు వినిపించింది.

దాన్ని అన్నానికి లేపుదామని కూతురు కిందికి వంగింది. వంగినది వంగినట్టే ఉండిపోయింది.

"అమ్మా, నువ్వెప్పుడైనా కింద కూర్చున్నావా?"

"కింద నాకేం పని?"

"ఓసారి రా."

మోకాళ్లని తిట్టుకుంటూ అమ్మమ్మ దూరింది. తలెత్తి చూస్తే తను కుట్టిన పేరే, అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. చివరి అక్షరం ముందుంది, మొదటిది చివరికి పోయింది, కొమ్ములన్నీ అటు తిరిగాయి. పిల్లకి తెలిసిన అక్షరాలు ఇవే. దాని చెయ్యీ కన్నూ ఎప్పుడో కలిశాయి, కాకపోతే గుడ్డకి అవతలివైపున కలిశాయి.

ఇన్నాళ్లూ పైన కూర్చుని ఈ సంగతి తోచనందుకు ఆవిడకి తన మీదే ఒళ్లు మండింది. ఒళ్లు మండితే ఆవిడ ఏడవదు, పనిలో దిగుతుంది.

"నువ్వు పైకి పో," అంది మనవరాలితో. "కింద నేనుంటాను."

ఆ వారమంతా ఆవిడ చాప మీద, పిల్ల పీటెక్కి పైన. పిల్ల అక్షరం పలికి సూది దించేది, ఆవిడ పైకి తోసేది. మొదట్లో కుట్లు కుడినుంచి బయల్దేరి అష్టవంకరలు పోయాయి. ఈ దుప్పటి ఏ వార్డుదో దేవుడికే తెలియాలని కూతురు గొణిగింది. అమ్మమ్మ ఊడదీసి మళ్లీ కుట్టమంది. నడుం పట్టేసినా బయటికి రాలేదు. గురువారానికి దారం ఎడమనుంచి బయల్దేరడం నేర్చుకుంది, గుడ్డ మీద మాత్రమే. కాగితం మీద ఇంకా తడబడుతూనే ఉంది.

శుక్రవారం మేడం గదిలో బల్ల మీద పుస్తకం తెరిచి పెట్టారు. దారం లేచి, పేజీ మీద కాసేపు ఊగి, కుడివైపుకే వాలింది. మేడం కలం మూత తీశారు. కూతురు తల దించుకుంది.

అమ్మమ్మ చెప్పులు విడిచి బల్ల కిందికి దూరింది.

"అక్కడేం చేస్తున్నారమ్మా?"

"నా చోట్లో నేను కూర్చున్నాను. మీరు కాళ్లు కాస్త వెనక్కి పెట్టుకోండి, సూది గుచ్చుకుంటుంది."

మేడం కాళ్లు వెనక్కి పెట్టుకున్నారు. అమ్మమ్మ బల్ల అంచున వేలాడుతున్న దారం కొస అందుకుని సూదికి ఎక్కించి పైకి తోసింది. తువ్వాల్లోంచి వచ్చినంత సులువుగా సూది ఆ మందపాటి చెక్కలోంచి వచ్చి, పేజీ మీద మొదటి అక్షరం పక్కన తేలింది. గుండుసూది దాన్ని పట్టుకుని, అక్షరం పలికి, కిందికి దించింది. మళ్లీ పైకి వచ్చింది. మళ్లీ దించింది.

"ఒక... బాతు... గొడుగు... కొనుక్కుంది," అని పైనుంచి వినపడింది.

పేజీ సగంలో దారం అయిపోయింది. అమ్మమ్మ చేతికి ఉత్త సూది వచ్చింది. పిల్ల సంచీ తడిమితే ఖాళీ. పైన చదువు ఆగింది. ఏం చెయ్యాలో తోచక ఆ ఉత్త సూదినే పైకి తోయబోయింది.

అప్పుడు కాగితం మీద వేలు పాకుతున్న చప్పుడు వినిపించింది, ఎడమనుంచి కుడికి.

"గొడుగు... చిన్నది. బాతు... పెద్దది."

వేలు వరస చివరికి పోయి, వెనక్కొచ్చి, కింది వరసలో మొదటినుంచి బయల్దేరింది. పేజీ అయిపోయింది. మేడం కలానికి మూత పెట్టి, చాలమ్మా, ఇక నీ తరగతికి నువ్వు వెళ్లు అన్నారు. పుస్తకం మూయబోతే పేజీ బల్లకి కుట్టుకుపోయి రాలేదు. ఈలోగా గుండుసూది ఎదురు పేజీ మొదలుపెట్టేసింది.

"చాలన్నాను కదా తల్లీ."

"నాకు చాల్లేదు," అంది పిల్ల, వేలు ఎత్తకుండా.

బల్ల కింద అమ్మమ్మకి నడుం విరిగిపోతోంది, కళ్లు కారిపోతున్నాయి. కూతురు చెయ్యి అందించింది. పిల్ల ఆపేదాకా రానని తల అడ్డంగా ఊపి, ఆవిడ అక్కడే కూర్చుంది.