ఒక్కో గుక్క

వడగట్టిన జొన్నజావ మరో గుక్క నోట్లోకి తీసుకుని, కాటమయ్య మెడ ముందుకు చాచి కళ్ళు మూసుకున్నాడు. జావ గుండెల దగ్గర కాసేపు నిలిచి, మెల్లగా దిగింది. దిగినందుకు చేతులు జోడించాడు. అన్నవాహిక సన్నబడిందని, హైదరాబాదు పొమ్మని భువనగిరి దవాఖానలో చెప్పి ఏడాదైంది. అప్పుడు రజాకార్ల భయానికి దారులు మూతపడ్డాయి. మిలిటరీ వచ్చి అవి తెరుచుకునేసరికి బండెక్కే సత్తువ అతనికి లేదు. ముప్పై ఏళ్ళు ఊరి పశువులు కాసిన ఒళ్ళు ఎముకల గూడైంది. చేతులు మాత్రం వణకవు.

పక్కింటి నర్సింగమ్మ పరుగున వచ్చింది.

"అన్నా, మేకకు పాలు వస్తలేవు. పొద్దటిసంది పోరి ఏడుస్తాంది."

ఆ పసిదానికి మూడు నెలలు. తల్లి కాన్పులోనే పోయింది. తండ్రి, నర్సింగమ్మ కొడుకు, సంఘం వాళ్ళతో అడవిలో ఉన్నాడు. ఆ మేక పాలే దానికి ప్రాణం.

కాటమయ్య ఆమె వెంట వెళ్ళి, చెప్పులు విడిచి మేక పాకలోకి వంగాడు. మేకకు ఒక చన్ను ఎప్పుడో ఎండిపోయింది. రెండోది ముల్లు గీరి మానినచోట మూసుకుపోయి, రాయిలా బిగిసింది.

"నాకు లోపలికి దిగదు, దీనికి బయటికి రాదు. ఇద్దరిదీ ఒక్కటే తిప్పలు, చెల్లె."

కోడి ఈక కాడను నున్నగా అరగదీసి, మరగబెట్టించి, నెయ్యి రాశాడు. మేక తన్నింది. "జర ఓర్చుకో బిడ్డా" అంటూ ఊపిరి బిగబట్టి కాడను చన్ను రంధ్రంలోకి వెంట్రుకవాసి చొప్పున జరిపాడు. ఒక నెత్తుటి బొట్టు, చిక్కటి పాలగడ్డ, ఆ వెనకే సన్నటి ధార.

ఆ పాలు పారబోసి, తేటపాలు వచ్చాక పితికి, కాచి, నర్సింగమ్మ ఉగ్గుగిన్నెతో పట్టింది. పసిది గటగటా తాగింది. కాటమయ్య ఆ చిన్న గొంతునే చూస్తూ కూర్చున్నాడు.

"ఎంత సుఖంగ మింగుతాందో సూడు!"

"నీ పుణ్యమే అన్నా."

"నాదేముంది? ఏడాది సంది నువ్వు జావ వడగట్టి పోస్తున్నవు. గందుకే గిది సూసిన."

ఆమె తెచ్చిన పాలు ఒక గుక్క తాగాడు. ఎక్కడా ఆగకుండా దిగాయి. నవ్వి, ఎండలో గోడకు చేరగిలబడ్డాడు. పసిదాన్ని ఊయలలో వేసి నర్సింగమ్మ తిరిగి వచ్చేసరికి, అదే నవ్వుతో ప్రాణం విడిచి ఉన్నాడు.

సాయంత్రం నలుగురూ అతన్ని మోసుకుపోయారు. పాక ముందు అతని చెప్పులు మిగిలాయి. తెగిన ఎడమ పట్టాకు అతను కట్టుకున్న గొర్రెబొచ్చు తాడు ముడి ఇంకా గట్టిగానే ఉంది.