పదకొండో నంబరు గొట్టం

మార్చి తొమ్మిదో తారీకున ఆమె ఉడికించిన గుడ్డు సగం తిని, మిగతా సగం అతని డబ్బాలో పెట్టింది. పరిశోధనశాలకు ఆమె మొదటిసారి రక్తం ఇచ్చిన రోజది. పదకొండేళ్లయినా ఆ తేదీ, ఆ గుడ్డు మీది పంటిగుర్తు అతనికి జ్ఞాపకమే.

ఇవాళ కూడా సింకు ముందు నిలబడి గాజు గొట్టాలు కడుగుతూ అదే తలచుకుంటున్నాడు. ముందు సబ్బునీళ్లు, తరవాత మూడుసార్లు కుళాయి నీళ్లు, చివర మూడుసార్లు శుద్ధి చేసిన నీళ్లు. ముప్పై ఏళ్లుగా అదే వరస. వేళ్ల కొసలు తెల్లగా ముడతలు పడి, గోళ్లు పలచబడిపోయాయి. పొద్దుటి నుంచి ఎడమ చెయ్యి తిమ్మిరిగా ఉంది. చన్నీళ్ల వల్లేననుకున్నాడు.

అతని భార్యది పుట్టుకతో వచ్చిన రక్తపు జబ్బు. రక్తంలో ప్రాణవాయువు తగ్గినప్పుడల్లా హిమోగ్లోబిన్ ఒకదానికొకటి అతుక్కుని ఎర్రకణాలను కొడవళ్లలా వంచేస్తుంది. ఆ కొడవళ్లు సన్నటి రక్తనాళాల్లో ఇరుక్కుంటే ఎముకలు పగిలిపోతున్నంత నొప్పి. ఆ అతుకును ఆపే రసాయనాన్ని వెతకడమే ఈ గదిలో పని. ఆమె రక్తంలోంచి హిమోగ్లోబిన్‌ను వేరుచేసి, చిన్న గొట్టాల్లో పోసి, ఫ్రీజర్‌లో దాచేది అతనే. గొట్టం మీద పేరు రాయకూడదు. పదకొండో నంబరు అని రాసేవాడు.

"నేను ఇంట్లో, నా రక్తం మీ ఆఫీసులో. రెండు చోట్లా నా చాకిరీ మీకు తప్పదండీ," అని ఆమె నవ్వేది.

రెండేళ్ల కిందట ఒక నొప్పి తెల్లారేదాకా తగ్గలేదు. తెల్లారాక తగ్గడానికి ఆమె లేదు. ఇప్పుడు ఫ్రీజర్‌లో ఆమెవి మిగిలినవి రెండు గొట్టాలు.

పది గంటలకు కొత్త సారు వచ్చాడు. నలభై ఏడో రసాయనానికి ఇవాళే ఆఖరి పరీక్ష. పరీక్ష చూడ్డానికి సులువే. హిమోగ్లోబిన్‌లో రసాయనం కలిపి, గాలి తీసేసి, మూత బిగించి గోరువెచ్చటి నీళ్ల తొట్టిలో పెడతారు. రసాయనం పనిచెయ్యకపోతే పావుగంటలో గడ్డకడుతుంది. పనిచేస్తే కారుతూనే ఉంటుంది. వెచ్చగా ఉండగానే వంచి చూడాలి. చల్లారితే కట్టిన గడ్డ కూడా కరిగి నీరైపోతుంది, అప్పుడు దేనికీ సాక్ష్యం ఉండదు.

సారు ఫ్రీజర్‌లోంచి రసాయనం సీసా తీసి, తీస్తూనే మూత తిప్పాడు. గాజు మీద మంచు పొగ లేచింది.

"సార్, గంటసేపు బయట ఉంచి తియ్యాలండీ. చల్లసీసా తెరిస్తే లోపల చెమ్మ దిగుతుంది. ఈ పొడికి తడి తగిలితే గుణం పోతుంది."

"మధ్యాహ్నం మీటింగుంది పెద్దాయనా. మందుక్కూడా జలుబు చేస్తుందా ఏంటి?"

పద్నాలుగో నిమిషంలో సారు గొట్టం వంచాడు. ఎర్రటి ముద్ద కదల్లేదు.

"అయిపోయింది. ఇన్నేళ్ల పని బూడిదలో పోసిన పన్నీరు. సాయంత్రానికి ఫ్రీజర్ ఖాళీ చెయ్యండి. రేపట్నుంచి ఈ గది వేరేవాళ్లది."

"ఇంకొక్కసారి చూద్దాం సార్. తెరవని సీసా ఒకటుంది. పదకొండో నంబరు గొట్టం కూడా ఒకటుంది."

"ఒక్కదానితో ఏం తేలుతుంది? ఆ పదకొండో నంబరు పేషెంటును పిలిపిస్తే ఇంకా ఇస్తారా?"

"ఇవ్వరు సార్."

"ఏం, సూదంటే భయమా?"

"లేదు సార్. ఆవిడకి సూదంటే ఎప్పుడూ భయం లేదు."

సారు అప్పటికే ఫోన్ చూసుకుంటున్నాడు. వెళ్తూ వెళ్తూ పుస్తకంలో ఒక గీత గీసి, కింద 'పనికిరాదు' అని రాశాడు.

సాయంత్రం అయిదింటికి గది ఖాళీ అయింది. తుడిచే ఆవిడ అతని కాళ్ల దగ్గర తడి చెయ్యకుండా చుట్టూ తుడిచి వెళ్లింది. అతను తెరవని సీసాను బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చున్నాడు. అరచేతిలో పట్టుకుంటే త్వరగా వేడెక్కుతుంది. పట్టుకోలేదు. గాజు మీది మంచు చెమటైంది, చెమట చుక్కలైంది, చుక్కలు ఆరిపోయాయి. అప్పుడు మూత తీశాడు. పొడి పొడిగానే ఉంది.

ఆఖరి గొట్టాన్ని మంచుముక్కల్లో నెమ్మదిగా కరగనిచ్చాడు. ఎన్ని వందలసార్లు పక్కన నిలబడి చూశాడో, ఒక్క మెట్టూ తప్పలేదు. పుస్తకంలో రాసే హక్కు అతనికి లేదు కాబట్టి చేతి తొడుగుల అట్టడబ్బా మూత చింపి దాని మీద రాశాడు: ఆరూ పదికి పెట్టాను. ఆరున్నర, కారుతోంది. ఆరూ యాభై, కారుతోంది.

ఆ తరవాత అక్షరాలు లేవు.

ఏడుంబావుకు తాళాలతో వచ్చిన వాచ్‌మన్, అతను గడ్డం ఛాతీకి ఆనించి కూర్చుని ఉండటం చూశాడు.

"బాబాయ్, ఇల్లు గుర్తులేదా? లే, టైమైంది."

భుజం తట్టాడు. చెయ్యి పట్టుకు చూశాడు. ఆ చెయ్యి సింకు కుళాయి నీళ్లంత చల్లగా ఉంది.

డాక్టరు వచ్చాడు, స్ట్రెచరు వచ్చింది. ఎవరికి కబురు చెయ్యాలని అడిగితే వాచ్‌మన్‌కు ఒక్క పేరూ తోచలేదు. వాళ్లు తీసుకెళ్లాక గది సర్దడానికి వాచ్‌మన్ ఒక్కడే వెనక్కి వచ్చాడు. కిందపడిన అట్టముక్కను చెత్తబుట్టలో వేశాడు. నీళ్ల తొట్టి ఇంకా సన్నగా మూలుగుతోంది. అందులో ఒక్కటే గొట్టం. ఏమిటోనని పైకి తీసి, దీపం వెలుగులో అటూ ఇటూ వంచాడు. ఎర్రటి నీళ్లు ఈ కొసనుంచి ఆ కొసకు హాయిగా జారాయి.

"ఇదేం రంగునీళ్లో," అనుకుని మళ్లీ దాని చోట్లో నిలబెట్టాడు. కరెంటు దండగని తొట్టి స్విచ్ ఆపి, దీపం తీసి, నిద్రపోతున్న మనిషిని లేపకూడదన్నట్టు మెల్లగా తలుపు మూశాడు.

చీకట్లో నీళ్లతో పాటు పదకొండో నంబరు గొట్టం చల్లబడుతోంది.