వెర్నుసోల్ స్థలపురాణం

మా అమ్మాయి హాసిని ఫ్రెంచ్ క్లాసులో తీసిన చీటీలో వెర్నుసోల్ అని వచ్చింది. ఫ్రాన్స్‌లో ఎక్కడో కొండల మధ్య, నూరు గడప కూడా లేని పల్లె. దాని చరిత్ర చెప్పాలి. ఇంటర్నెట్ అంతా గాలించినా దొరికింది నాలుగు వాక్యాలు, చర్చి ముందు నిలబెట్టిన ఒక రాయి ఫొటో.

"అంత రాయి ఊరికే నిలబడుతుందా? స్థలపురాణం లేని ఊరుంటుందా అమ్మా!" అన్నారు మా మామయ్యగారు పరంధామయ్య. తెలుగు పండితుడిగా రిటైరయ్యారు. అమెరికాలో మా ఊరు ఆల్ఫారెట్టాకి వచ్చాక ఆయన గొంతులో అంత హుషారు నేను వినలేదు. అక్కడికక్కడే అల్లేశారు. ఒక ఆవు రోజూ ఆ రాయి మీద పాలు కురిపించేదట. కోపమొచ్చి కాపరి గొడ్డలి విసిరితే రాయిలోంచి నెత్తురు కారిందట. మన వైపు ప్రతి మూడో గుడికీ ఉన్న కథే. హాసిని మాత్రం "ఓ మై గాడ్ తాతయ్యా, ఇది పెట్టేస్తా!" అని గంతేసింది. అంత మారుమూల ఊరి సంగతి ఇక్కడ ఎవరికి తెలుస్తుందిలే అని నేనూ నవ్వి ఊరుకున్నాను.

ప్రెజెంటేషన్‌కి పేరెంట్స్‌ని కూడా రమ్మన్నారు. మామయ్యగారు ఇస్త్రీ ఉత్తరీయం వేసుకుని నా పక్కన కూర్చున్నారు. టీచర్ దగ్గర తెల్లజుట్టు పెద్దావిడ ఒకరున్నారు.

"మా అమ్మ. వెర్నుసోల్‌లోనే ఉంటుంది. అందుకే ఒక చీటీలో ఆ పేరు రాశాను," అంది టీచర్.

హాసిని మొహంలో నెత్తురుచుక్క లేదు. కల్పించి రాస్తే కాపీ కొట్టినట్టే, సున్నా ఇస్తానని టీచర్ ముందే చెప్పిందట. లేచి ఆపుదామా అనుకున్నాను. ఏమని ఆపను? అప్పటికే దాని పేరు పిలిచారు.

ఊరి జనాభా, ఏరు, చర్చి గురించి ఇంగ్లిష్‌లో గడగడా చెప్పింది; టీచర్ పక్కనే వాళ్లమ్మకి ఫ్రెంచ్‌లో చెబుతూ ఉంది. రాయి ఫొటో తెర మీదికి రాగానే ఆగింది. దాటెయ్యవే తల్లీ, దాటెయ్యి అని లోలోపల మొక్కుకున్నాను. మామయ్యగారేమో చెప్పు చెప్పు అన్నట్టు తల ఊపుతున్నారు. దాని చూపు ఆయన మీద పడింది. అంతే, ఆవూ పాలూ నెత్తురూ అన్నీ చెప్పేసింది.

పెద్దావిడ లేచి తెర దగ్గరికి వచ్చి ఫ్రెంచ్‌లో మెల్లగా మాట్లాడారు. టీచర్ ఇంగ్లిష్‌లో చెప్పింది. అది రాయికి వెనక వైపట. ముందు వైపు, మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన ఆ ఊరి కుర్రాళ్ల పేర్లున్నాయట. వాళ్లలో ముగ్గురు ఆవిడ తాతగారి తమ్ముళ్లు. ఆవిడ కళ్లు తుడుచుకుని, ఈ కథ నీకెవరు చెప్పారమ్మా అని అడిగారు.

హాసిని మా వైపు చూడనైనా చూడలేదు.

"నో వన్. ఐ మేడ్ ఇట్ అప్. ఐయామ్ సారీ."

టీచర్ ముఖం ముడుచుకుంది. అమెరికన్ ఇంగ్లిష్ మామయ్యగారికి సగం కూడా అందదు. నా వైపు వంగి, "కళ్లు తుడుచుకుంటున్నారేమ్మా రజినీ ఆవిడ! కథ అంతగా పట్టిందా?" అన్నారు.

నాకు కోపం ముంచుకొచ్చింది. ఆయన మీదో, నవ్వి ఊరుకున్న నా మీదో తెలియదు. చెప్పేద్దామని నోరు తెరిచాను. హాసిని అక్కణ్నుంచే నన్ను చూసి, వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది.

"అవును మామయ్యగారూ," అన్నాను.

ఆయన పొంగిపోయి లేచారు. పెద్దావిడకి రెండు చేతులూ జోడించి, ఆ నిశ్శబ్దంలో అందరికీ వినపడేలా తన ఇంగ్లిష్‌లో అన్నారు:

"మై గ్రాండ్ డాటర్!"